మన తేలిక హెలికాప్టర్లు

అద్దంకి సమీపమున జాతీయ రహదారి వంపు లేకుండ తిన్నగా సాగు చోటొకటి కలదు. దాని పొడవు 4.1 కిలోమీటర్లు, వెడల్పు 33 మీటర్లు. అటునిటు పత్తిచేలు, మిరపచేలు. ఆపత్సమయమున విమానములు దిగుటకు వీలుగా ఆ దారిని ప్రత్యేకముగా గట్టిపరచినారు. 2022 డిసెంబరు 29న వాయుసేన అచట మొదటిసారి పరీక్ష జరిపినది. 2024 మార్చి 18న ఆంటనోవ్ 32, డోర్నియర్ విమానములు ఆ దారిమీద చక్రములు మోపి దిగినవి. ఒక విమానమును క్షేమముగా దింపుటకు ఎంత నేల కావలెనో, ఆ నేలను ఎంత శ్రద్ధతో సిద్ధపరచవలెనో ఆ రహదారిని చూచిన వారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఆకాశమున సంచరించు యంత్రములలో మరియొక జాతి ఉన్నది. దానికి నాలుగు కిలోమీటర్ల దారి అక్కరలేదు. మిరపకాయలు ఆరబోసుకొను కళ్లమంత చోటు చాలును. ఆ చోటు కూడ లేనినాడు, గాలిలో నిలిచి, త్రాడు జారవిడిచి, ఇంటి కప్పుమీది మనిషిని పైకి లాగుకొనగలదు. అదే హెలికాప్టరు. ఈ పూట మేము ముచ్చటింపదలచినది మన దేశమున తేలిక హెలికాప్టర్ల నిర్మాణము ఎట్లు మొదలైనది, ఏ నమూనా తరువాత ఏ నమూనా వచ్చినది, ఆ దారిలో మనకు అబ్బినదేమి, ఆలస్యమైనదేమి అను విషయము. ఆ నిర్మాణము జరిగినది బెంగుళూరులో. కాని దాని ఫలమును, లోపమును అనుభవించువారిలో కృష్ణకు ఇవతల ఒడ్డున ఉన్న మనమును ఉన్నాము.

ముందుగా ఆ యంత్రపు తత్త్వము కొంత తెలిసికొందము. విమానమునకు రెక్కలు కదలవు. యంత్రమంతయు ముందునకు పరుగెత్తినపుడు రెక్కల మీదుగా గాలి పారి, దానిని పైకెత్తును. హెలికాప్టరునకు ఆ పరుగు అక్కరలేదు. రెక్కలే గిరగిర తిరుగుచు, తమకు కావలసిన గాలిని తామే తెచ్చుకొనును. ఇంతవరకు సులభమే. చిక్కు తరువాత వచ్చును. ఇంజిను రెక్కలను ఒక వైపునకు త్రిప్పినపుడు, యంత్రపు ఒడలు దానికి ఎదురు వైపునకు తిరుగజూచును. దానిని ఆపుటకే తోక చివర చిన్న పంకా అమర్చినారు. ఇక రెక్కల మొదట ఉండు గుబ్బ మరింత చిక్కైనది. పైకి పోవలెనన్నను, ముందునకు వంగవలెనన్నను, ప్రక్కకు జరగవలెనన్నను ప్రతి రెక్కయు తిరుగుచునే తన వాలును క్షణక్షణము మార్చుకొనవలెను. క్రింద కూర్చున్న చోదకుని చేతి కదలికను పైన తిరుగు రెక్కలకు అందించు పళ్లెము వంటి భాగమును స్వాష్ ప్లేటు అందురు. ఈ పేరును శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. మన కథలో అది మరల వచ్చును.

రెండవ సంగతి బరువు. హెలికాప్టరు తన బరువునంతటిని నిరంతరము తానే మోసికొని నిలువవలెను గనుక, దానిలో చేరు ప్రతి కిలోయు ఒక ప్రయాణికుని సామానును, ఒక రోగి మందులను, కొంత చమురును త్రోసివేయును. మూడవ సంగతి గాలి. వేడి గాలి పలుచన. ఎత్తున ఉండు గాలి ఇంకను పలుచన. రెంటచింతల ఎండలలో మధ్యాహ్నము ఎగురు హెలికాప్టరు, పుష్యమాసపు ఉదయమున మోసినంత బరువు మోయలేదు. కావున మన దేశమునకు తగిన తేలిక హెలికాప్టరు అనగా, పల్నాటి వేసవికిని, హిమాలయ శిఖరముల పలుచని గాలికిని రెంటికిని నిలువగల యంత్రము. చల్లని దేశములలో సముద్రమట్టమున బాగుగ ఎగిరినదంతయు మనకు పనికిరాదు.

అమెరికాలో ఐగర్ సికోర్‌స్కీ 1939లో ఒక పెద్ద రెక్కల చక్రముతోను, ఒక తోకపంకాతోను తన వి.ఎస్. 300 యంత్రమును లేపి, ఈనాటికిని చెల్లుచున్న రూపమును స్థిరపరచినాడు. 1946లో బెల్ 47 అను యంత్రము పౌరుల వాడుకకు అనుమతి పొందినది. ఆ తొలి యంత్రములన్నియు ముషలకములు కొట్టుకొను బరువైన ఇంజినులతో నడచినవి. ఇంజినును మోయుటకే ఇంజిను శక్తి చాలవరకు ఖర్చగుచుండెను. 1955 మార్చి 12న ఫ్రాన్సులో అలూయెట్ 2 అను చిన్న హెలికాప్టరు తేలికయైన గ్యాస్ టర్బైను ఇంజినుతో ఎగిరినది. ఫ్రెంచి భాషలో అలూయెట్ అనగా భరతపక్షి. దాని తరువాత, 1959 ఫిబ్రవరి 28న, పెద్దదైన అలూయెట్ 3 ఎగిరినది. మరుసటి యేడు అది ఏడుగురితో ఐరోపాలోని మౌంట్ బ్లాంక్ శిఖరము మీద, 4,800 మీటర్ల ఎత్తున దిగి లేచినది. కొండల దేశములన్నియు దానివైపు చూచినవి. మనమును చూచినాము.

బెంగుళూరు విమాన కర్మాగారమును 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానపు తోడ్పాటుతో స్థాపించినాడు. స్వాతంత్ర్యానంతరము అది ప్రభుత్వ సంస్థగా పెరిగి, 1964 అక్టోబరు 1న హిందుస్థాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్ అను పేరు ధరించినది. అంతకు రెండేండ్ల ముందే, 1962లో, అలూయెట్ 3ను మన దేశమున నిర్మించుటకు ఫ్రెంచి సంస్థ సూడ్ ఏవియేషన్‌తో ఒప్పందము కుదిరినది. బెంగుళూరులో కూర్చిన మొదటి యంత్రములు 1965లో ఎగిరినవి. రాణాప్రతాపుని గుఱ్ఱము పేరు దానికి పెట్టినారు: చేతక్. చోదకునితో కలిసి ఏడుగురు కూర్చుండవచ్చును. లేక రెండు మంచములపై రోగులను పడుకొనబెట్టవచ్చును. నిండు బరువు 2,200 కిలోలు. చూపునకు గాజుబుడ్డి వలె కనబడు ఆ ముందుభాగమును, సన్నని తోకను మన పెద్దలు వరదల కాలమున చూచినారు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను గూర్చి గుంటూరు, కృష్ణా జిల్లాల వారికి మేము చెప్పనక్కరలేదు. తాటిచెట్టు ఎత్తున సముద్రము లేచినదని జనులు చెప్పుకొన్నారు. ప్రభుత్వపు లెక్కలోనే మృతులు సుమారు పదివేలు. రేపల్లె మొదలు దివి వరకు రోడ్లు తెగినవి, పడవలు పగిలినవి, బావులలో ఉప్పునీరు నిండినది. తెగిన ఊళ్లకు రోడ్డులేని దారిన చేరగలిగినవి హెలికాప్టర్లు. అవి ఆహారపు పొట్లములు జారవిడిచినవి. మన మైదానములకు హెలికాప్టరు పరిచయమైనది అట్టి రోజులలోనే. విలాసయంత్రముగ గాక, కడపటి ఆశగ.

చేతక్ తరువాతది చీతా. దాని పుట్టుకలో మన దేశపు పాత్ర కొంత ఉన్నది. హిమాలయములలో ఎత్తైన చోట్లకు పోగల యంత్రము కావలెనని మన సైన్యము కోరగా, ఫ్రెంచివారు అలూయెట్ 2 యొక్క చిన్న ఒడలికి అలూయెట్ 3 యొక్క పెద్ద ఇంజినును, రెక్కలను జోడించి, 1969 మార్చి 17న లామా అను యంత్రమును ఎగురవేసినారు. ఇందులోని యుక్తి మన రైతునకు వెంటనే బోధపడును. తేలిక బండికి ఒంగోలు జాతి ఎడ్లజత కట్టినట్లన్నమాట. చదును నేలమీద ఆ ఎడ్ల బలము సగమే వాడుక అగును. మెరక వచ్చినపుడు మిగిలిన బలము అక్కరకు వచ్చును. లామా ఇంజిను శక్తి సుమారు 870 అశ్వశక్తి. దానిని 550కి మించి వాడనీయకుండ బిగించినారు. పలుచని గాలిలో ఇంజిను ఎంత నీరసించినను ఆ 550 మాత్రము చాల ఎత్తువరకు దొరకుచునే ఉండును.

1969లోనే హిమాలయములలో జరిపిన ప్రదర్శనలో లామా ఇద్దరు మనుష్యులతో 7,500 మీటర్ల ఎత్తున దిగి లేచినది. 1972 జూన్ 21న ఫ్రెంచి చోదకుడు జాన్ బూలే ఒక తేలికపరచిన లామాతో 12,442 మీటర్ల ఎత్తునకు చేరినాడు. ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు మాత్రమే. అంత పైన ఇంజిను ఆరిపోయినది. అయినను ఆయన బ్రదికినాడు. తాటాకు గాలిమర గాలికి తనంత తాను తిరుగునట్లు, పడుచున్న హెలికాప్టరు రెక్కలు క్రిందినుండి వచ్చు గాలికి తిరుగుచునే ఉండును. చోదకుడు నేర్పరియైనచో ఆ తిరుగుడుతోనే నేలకు దింపవచ్చును. ఆయన ఆ రీతిగనే పండ్రెండు కిలోమీటర్ల పైనుండి దిగివచ్చినాడు.

లామాను బెంగుళూరులో నిర్మించుటకు 1970లో ఒప్పందమైనది. దానికి మనము పెట్టుకొన్న పేరు చీతా. నిండు బరువు 1,950 కిలోలు; కూర్చుండువారు అయిదుగురు. 1984 ఏప్రిల్‌లో సియాచిన్ హిమనదము మీదికి మన సైన్యము పోయిన నాటినుండి, అచటి కాపలాదారులకు కిరసనాయిలు, రొట్టె, ఉత్తరములు చేర్చినదియు, చలికి కాలు చెడిన సైనికుని దింపినదియు చీతాయే. చేతక్, చీతా రెండును కలిసి బెంగుళూరు కర్మాగారము ఆరు వందలకు పైగా నిర్మించినది. ఇది చిన్న పని కాదు. మొదట డబ్బాలలో వచ్చిన భాగములను బిగించుట, తరువాత రేకును కోసి ఒడలు తయారుచేయుట, అటుపిమ్మట ఇంజినును, గేరుపెట్టెను, రెక్కలను కూడ ఇచటనే చేయుట — ఇట్లు మెట్టుమెట్టుగ పనివాడు చేయి తిప్పుకొన్నాడు.

కాని ఇచట ఒక ప్రశ్న ఉన్నది. మన ప్రసంగమునకు అదియే ఆయువుపట్టు. ఇతరులు గీసియిచ్చిన పటము ననుసరించి యంత్రము చేయుట ఒక విద్య. ఆ పటమును గీయుట వేరొక విద్య. మొదటిది నేర్చినంత మాత్రమున రెండవది దానంతట రాదు. పత్తిరైతునకు ఈ భేదము కొత్త కాదు. అంగడిలో కొన్న సంకరజాతి విత్తనము నాటి, ఎరువు వేసి, పురుగును కాచుకొని, నిండు పంట తీయువాడు సమర్థుడే. అయినను మరుసటి యేడు అతడు మరల ఆ సంచికే పోవలెను. ఆ పంట గింజను దాచి విత్తిన లాభము లేదు. విత్తనమును రూపొందించిన వాని దగ్గర ఉన్నది వేరు, పంట తీసిన వాని దగ్గర ఉన్నది వేరు. లైసెన్సు మీద చేసిన యంత్రము అట్టి పంట. చేతక్ మంచి యంత్రము గనుకనే మనకు ఏండ్ల తరబడి సరిపోయినది. సరిపోయినది గనుకనే దాని తరువాతి యంత్రమును గూర్చిన తొందర మనకు కలుగలేదు. 1962 నాటి ఒప్పందపు యంత్రము ఈ శతాబ్దపు మూడవ దశకములోకి కూడ వచ్చినది. ఆ ఆలస్యపు వెల ఎవరు చెల్లించినారు? 2015లో కొందరు సైనికాధికారుల భార్యలు, తమ భర్తలు నడుపు చేతక్, చీతాలు వృద్ధములైనవనియు, వానిని విరమింపజేయవలెననియు రక్షణమంత్రికి విన్నవించుకొన్నారు. ఇంతకంటె సూటియైన సమాధానము లేదు.

సొంత పటము గీయు యత్నము 1984లో మొదలైనది. జర్మనీకి చెందిన ఎమ్.బి.బి. సంస్థను సలహాదారుగ పెట్టుకొని, అయిదున్నర టన్నుల తరగతికి చెందిన, రెండు ఇంజినుల హెలికాప్టరును రూపొందింపసాగినారు. తొలుత దానిని అధునాతన తేలిక హెలికాప్టరు అనినారు. తరువాత ధ్రువ్ అని పేరు పెట్టినారు. దాని నాలుగు రెక్కలు లోహముతో గాక, జిగురుతో అతికిన నారపొరలతో చేసినవి. రెక్క మొదట కీలు లేదు. కీలు చేయవలసిన పనిని ఆ పొరల వంగుడే చేయును. మొదటి నమూనా 1992 ఆగస్టు 20న ఎగిరినది. దళములకు చేరుట 2002లో. నడుమ పది సంవత్సరములు!

ఆ పదేండ్ల కథలో ఒక ముఖ్యఘట్టము 1998. ఆ యేడు మే నెలలో పోఖరాన్‌లో అణుపరీక్షలు జరిగినవి. అమెరికా ఆంక్షలు విధించినది. ధ్రువ్ కొరకు ఎన్నుకొన్న అమెరికన్ ఇంజిను చేతికి రాలేదు. ఒడలు మనదైనను గుండె పరులదైనపుడు ఏమగునో అపుడు తెలిసినది. తుదకు ఫ్రాన్సులోని టర్బోమెకా ఇంజినుతో ధ్రువ్ దళములలోనికి వచ్చినది. తరువాత అదే సంస్థతో కలిసి బెంగుళూరు ఇంజనీర్లు మరింత బలమైన ఇంజినును తీర్చి, దానికి శక్తి అని పేరిడినారు. దానితో ధ్రువ్ 2007లో ఎగిరినది. ఎత్తైన చోట్ల అంతకుముందు లేని సత్తువ దానికి ఆ ఇంజినుతో వచ్చినది. సారంగ్ అను వాయుసేన విన్యాసబృందము నెమలి రంగులు పూసిన ధ్రువ్‌లతో దేశదేశములలో ఆటలు చూపినది. ఇప్పటివరకు తయారైనవి మూడు వందలకు పైబడినవి.

మేము మంచిని మాత్రమే చెప్పి ఊరకుండుట శ్రోతలకు న్యాయము కాదు. దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ ఏడు ధ్రువ్‌లను కొన్నది. వానిలో నాలుగు కూలిపోగా, 2015లో ఒప్పందమును రద్దు చేసినది. 2025 జనవరి 5న పోర్‌బందర్‌లో తీరరక్షణదళపు ధ్రువ్ ఒకటి కూలి ముగ్గురు మరణించినారు. పరిశీలనలో బయటపడినది స్వాష్ ప్లేటు పగులు. మేము మొదట చెప్పిన పళ్లెమే అది. చోదకుని చేతికిని, రెక్కకును నడుమనున్న ఆ ఒక్క లింకు తెగినచో ఎంత నేర్పరియైనను చేయగలిగినది లేదు. ఇంజిను ఆరిన బూలే దిగివచ్చినాడు. స్వాష్ ప్లేటు విరిగినచో అట్టి అవకాశము లేదు. దేశములోని ధ్రువ్‌లన్నియు నేలమీద నిలిచినవి. సైన్యపు యంత్రములకు మరల ఎగురు అనుమతి లభించుటకు నెలలు పట్టినది. సొంత పటము గీసిన వానికి సొంత తప్పిదమును వెదకి దిద్దుకొను భారము కూడ ఉండును. అరువు యంత్రములో లోపము కనబడినపుడు ఫ్రాన్సుకు ఉత్తరము వ్రాయవచ్చును. సొంత యంత్రములో కనబడినపుడు ఉత్తరము వ్రాయుటకు ఎవరును లేరు. ఇది చేదు నిజమే; కాని విద్య పూర్తియగుట అనగా ఇదే. దానిని దాచినచో విద్య నిలువదు.

ధ్రువ్ నేర్పిన పాఠమునుండి మరి రెండు యంత్రములు పుట్టినవి. ఒకటి యుద్ధమునకు. ధ్రువ్ యొక్క ఇంజినును, రెక్కలను తీసికొని, ఇద్దరు మాత్రమే ఒకరి వెనుక ఒకరు కూర్చుండు సన్నని ఒడలు చేసినారు. 2010 మార్చి 29న అది ఎగిరినది. 2022 అక్టోబరు 3న ప్రచండ్ అను పేరుతో జోధ్‌పూరులో వాయుసేనలో చేరినది. 2025 మార్చిలో ప్రభుత్వము 156 ప్రచండ్‌ల నిర్మాణమునకు ఒప్పందము చేసికొన్నది.

రెండవది మన కథకు మరింత ముఖ్యమైనది. చేతక్, చీతాల స్థానమును తీసికొనవలసిన చిన్న యంత్రము. దాని కొరకు మొదట విదేశముల నుండియే కొందమని టెండర్లు పిలిచినారు. 2007లో ఒకసారి, 2014లో మరియొకసారి అవి రద్దైనవి. అటుప్రక్క 2009లో బెంగుళూరుకే ఒక నమూనా రూపొందింపుడని అనుమతినిచ్చినారు. ఒక్క శక్తి ఇంజినుతో, మూడు టన్నుల తరగతిలో, తేలిక సర్వోపయోగ హెలికాప్టరు తయారై 2016 సెప్టెంబరు 6న ఎగిరినది. లడఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీ వంటి ఎత్తైన చోట్లను 2019లో పరీక్షలలో దాటినది. దీని కొరకే కర్ణాటకలోని తుమకూరులో 615 ఎకరములలో కొత్త కర్మాగారమును కట్టి, 2023 ఫిబ్రవరి 6న ప్రారంభించినారు. ఏటికి ముప్పది యంత్రములు చేసి, క్రమముగ ఆ సంఖ్యను పెంచవలెనని సంకల్పము. అయినను 2016లో ఎగిరిన యంత్రము 2025 నాటికిని దళములలో పెద్ద సంఖ్యలో చేరలేదు. కర్మాగారము సిద్ధము, పటము సిద్ధము. పరీక్షలు, ధ్రువపత్రములు, ఆదేశములు ఒకదానికొకటి ఎదురుచూచుచు కాలము గడచినది. విత్తనము చేతిలో ఉండి అదను తప్పించుకొనుట ఎట్టిదో సేద్యగాండ్రకు చెప్పనేల?

ఇపుడు మన చేలలోనికి వత్తము. గాలినుండి పైరునకు మందు చల్లు కోరిక కొత్తది కాదు. బెంగుళూరు కర్మాగారమే 1972లో వసంత్ అను వ్యవసాయ విమానమును ఎగురవేసినది. సుమారు నలుబది వరకు చేసినారు. కాని చిన్న చిన్న కమతములు, గట్టుగట్టునకు చెట్లు, ప్రక్కప్రక్కనే వేరువేరు పైరులు ఉన్న మన ప్రాంతమునకు విమానపు పని పొసగునది కాదు. రైతు చేతిపంపునే నమ్ముకొన్నాడు. 1980 దశకములో తెల్లదోమ, తరువాత కాయతొలుచు పురుగు పత్తిని తినివేసినవి. 1987–88లో మందుమీద మందు కొట్టి, అప్పుమీద అప్పు చేసి, గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు కొందరు ప్రాణములు తీసికొన్నారు. 2021–22లో నల్ల తామరపురుగు మిరపపూతలో చేరి తోటలకు తోటలనే చెరచినది. పురుగు మారినది, మందు మారినది, వీపున పంపు మోయు కూలీ ముఖము మీద మాత్రము ఆ మందు తుంపర పడుచునే ఉన్నది.

ఆ తుంపరనుండి మనిషిని తప్పించుటకు వచ్చినది డ్రోను. ఇది హెలికాప్టరునకు తమ్ముని వరస. నాలుగో, ఆరో చిన్న పంకాలు, పది లీటర్లంతటి మందు తొట్టి, బ్యాటరీ. ఒక వింత ఏమనగా దీనికి స్వాష్ ప్లేటు లేదు. ఏ పంకాను ఎంత వేగముగ త్రిప్పవలెనో లోపలి గణకయంత్రము నిర్ణయించి, ఆ వేగభేదముతోనే ముందునకు, వెనుకకు నడుపును. హెలికాప్టరులో ఇనుము చేయు పనిని ఇందు లెక్క చేయుచున్నది. 2021 ఆగస్టులో డ్రోన్ల నియమములు వచ్చినవి. గుంటూరు చెంతనే లాంలో ఉన్న ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము డ్రోను నడుపువారికి శిక్షణ ఇచ్చుచున్నది. స్వయంసహాయక సంఘముల మహిళలకు డ్రోన్లు అందించు పథకము 2023లో వచ్చినది.

మంచిదే. అయితే చేతక్ నాటి ప్రశ్న ఇచటను మరల లేచుచున్నది. 2022 ఫిబ్రవరిలో తయారైన డ్రోన్ల దిగుమతిని ప్రభుత్వము నిషేధించినది. విడిభాగములకు మాత్రము తలుపు తెరచియే ఉంచినది. మోటారు, బ్యాటరీ, లోపలి గణకయంత్రము బయటనుండి తెచ్చి, చట్రమునకు బిగించి, మన పేరు అంటించినచో అది 1965 నాటి మొదటి మెట్టు. ఆ మెట్టున నిలుచుటలో తప్పులేదు. అరువది యేండ్లు అచటనే నిలిచినచో తప్పు.

2024 సెప్టెంబరు మొదటి రోజులలో కృష్ణకు వచ్చిన వరదను ఈ ప్రాంతపు వారు మరచిపోరు. ప్రకాశం బ్యారేజి వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారినది. బుడమేరు గండ్లుపడి విజయవాడలో ఇండ్ల మొదటి అంతస్తులు మునిగినవి; ఇవతల లంకగ్రామములకు దారులు తెగినవి. ఆ దినములలో విజయవాడ ఆకాశమున ఈ కథలోని పాత్రలన్నియు ఒక్కచోట చేరినవి. నౌకాదళపు చేతక్ ఉన్నది, ధ్రువ్ ఉన్నది. డాబాలమీద నిలిచిన వారికి అన్నపు పొట్లములు, మందులు, నీళ్లసీసాలు మోసిన డ్రోన్లును ఉన్నవి. ఫ్రెంచివారు గీసిన పటము, మనము గీసికొన్న పటము, ఇంకను గీయవలసిన పటము — మూడును నీటిమీద ఎగిరినవి. డాబామీది తల్లికి ఏది ఎవరిదో అక్కరలేదు. పొట్లము అందెనా లేదా అనునదే ఆమె లెక్క. ఆ లెక్క సరియైనదే. కాని ఆమెకు పొట్లము అందవలెనన్నచో, ఎక్కడో ఒకచోట ఆ యంత్రపు స్వాష్ ప్లేటును ఎవరో ఒకరు శ్రద్ధగా పరీక్షించి ఉండవలెను. విరిగిననాడు ఎందుకు విరిగినదో తెలిసినవారు మనలో ఉండవలెను.

యంత్రము ఎంత మంచిదైనను ప్రకృతిని మించినది కాదను మాటయు చెప్పవలెను. 2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రయాణించిన హెలికాప్టరు నల్లమల మీద దట్టమైన మేఘములలో చిక్కి కూలినది. అది విదేశమున తయారైన బెల్ 430. మబ్బు పట్టిన కొండకు ఏ దేశపు యంత్రమైనను ఒక్కటే. వెనుకకు మరలుట కూడ చోదకవిద్యలో భాగమే.

మన జిల్లాల నుండి ఏటేట ఎందరో పిల్లలు ఇంజనీరింగు చదువులకు పోవుచున్నారు. వారిలో కొందరైనను యంత్రమును నడుపుటతోను, బిగించుటతోను తృప్తిపడక, ఆ రెక్క ఎందుకు అంత వాలున్నది, ఆ పళ్లెము ఏ లోహముతో చేసినది, ఎన్ని గంటలకు అలసిపోవును అని అడుగువారు కావలెను. అట్టి ప్రశ్నలు వేయు పిల్లవాడు, పిల్ల ఇంటిలో ఉన్నచో పెద్దలు విసుగుకొనక వినవలెనని మా మనవి. ధ్రువ్ పటము మొదలుపెట్టిన నాటికిని, అది దళములకు చేరిన నాటికిని నడుమ పదునెనిమిది సంవత్సరములు గడచినవి. రాబోవు వరదకు కావలసిన యంత్రమును గీయవలసినవారు ఇపుడు బడిలో ఉన్నారు.